పెళ్లిళ్లలో కీబోర్డ్ పని అయిపోయిందా? వేములవాడ నుంచి ఒక ప్లేయర్ మాట

"అన్నా, స్టైల్ కీబోర్డ్ ఇప్పుడు కొంటే పనికొస్తదా?" అని చాలామంది తమ్ముళ్లు అడుగుతున్నారు. ఈఎంఐ మీద కొందామనుకునేవాళ్లు ముందు ఇది వినండి.

స్టైల్ కీబోర్డ్ అంటే అరేంజర్. ఎడమ చేత్తో కార్డ్ పట్టుకుంటే డ్రమ్స్, బేస్, గిటార్ అన్నీ దాని వెంటే నడుస్తాయి. కుడి చేత్తో పాట వాయించుకోవచ్చు. సింగర్‌కు శ్రుతి అందకపోతే ట్రాన్స్‌పోజ్ నొక్కి దించేయొచ్చు. నలుగురైదుగురు చేసే పని ఒక్కడే చేస్తాడు. మన దగ్గర ప్యాడ్ బ్యాండ్ నడిచింది దీని మీదనే: బండి మీద సౌండ్ బాక్సులు, ఒక కీబోర్డ్, ఒక ఆక్టాప్యాడ్, ఒక సింగర్. బరాత్ ముందట మస్తు ఊపు!

తర్వాత డీజే వచ్చింది. పెన్‌డ్రైవ్‌కు అన్నం పెట్టేది లేదు, రాత్రి ఇంటికి దింపేది లేదు. పదేళ్ల కింద లగ్గాల సీజన్‌లో నాకు ఖాళీ దొరికేది కాదు, ఇప్పుడు ఫోన్ మోగితే సంబురం. మేం వచ్చినప్పుడు క్లారినెట్ వాయించే బ్యాండ్‌మేళం పెద్దమనుషులు కూడా ఇట్లనే బాధపడి ఉంటారు. అప్పుడు మాకా ఆలోచనే లేదు.

2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు డీజేలను నిషేధించినప్పుడు, పాత రోజులొస్తయని మావాళ్లు కొందరన్నారు. నాకు నమ్మకం కలగలేదు. ఆ ఆర్డర్ హైదరాబాద్‌ది, అదీ మతపరమైన ఊరేగింపులకు. మన పెళ్లి బరాత్‌కు దానితో ఏం సంబంధం?

కంపెనీలు ఆపేశాయా అంటే, అదీ లేదు. యమహా 2023లో జెనోస్2 తెచ్చింది, కానీ దాని ధర లక్షల్లో. మనలాంటోళ్లకు పీఎస్ఆర్-ఐ500 లాంటివి ఉన్నాయి, మన తబలా, తాన్‌పురా కూడా అందులో పలుకుతాయి.

ఇప్పటికీ కీబోర్డ్ విలువ తెలిసేది భజనలో. శివరాత్రి జాగారం నాడు ఒక తాత తనకు తోచిన శ్రుతిలో ఎత్తుకుంటాడు. మెల్లగా మొదలుపెట్టి ఉరికిస్తాడు, మధ్యలో ఒక మాట దగ్గర ఆగి నాలుగుసార్లు తిప్పుతాడు. ట్రాక్ ఆయన కోసం ఆగదు. నేను ఆగుతాను, కార్డ్ అట్లనే పట్టుకుని ఆయన మొహం చూస్తూ కూర్చుంటాను. కాకపోతే భజన పైసలతో ఇల్లు గడవదు, అది కూడా చెప్పాలి కదా.

కాబట్టి తమ్ముడూ, పెళ్లిళ్ల సంపాదన నమ్ముకుని కొత్తది అప్పు మీద కొనకు. నేర్చుకోవడానికైతే సెకండ్ హ్యాండ్‌ది తీసుకో. యూఎస్‌బీ పోర్ట్ ఉన్నదే చూడు, ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కు కలిపి అదే కీల మీద పాటలు తయారు చేసుకోవచ్చు. పైసలిచ్చే ముందు కీలన్నీ ఒక్కొక్కటిగా నొక్కు. వాల్యూమ్ తిప్పుతుంటే గరగర వస్తుందేమో విను. ముఖ్యంగా అడాప్టర్ దానిదేనా అని అడుగు.