పదవి దిగినా పని దిగదు
(వార్షిక మహాసభలో, పదవీకాలం ముగిసిన పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



ఈ రోజుతో మా పదవీకాలం పూర్తయింది. పొద్దుటి నుంచి చాలామంది మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు: "ఇంక మీరు మీటింగులకు రారా?" పదవి లేకపోతే పని కూడా లేదనే అనుకుంటాం మనం. అది నిజమో కాదో తెలియాలంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం చూడాలి.

ఆవిడ 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దనుకుని బయటికొచ్చారు. చిన్న వయసులోనే ఆడవాళ్లకు హిందీ నేర్పే బడి నడిపారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఈమె కార్యకర్త. టికెట్టు లేకుండా వచ్చిన నెహ్రూ గారిని లోపలికి పోనివ్వలేదు. టికెట్టు కొన్నాకే వదిలారు. అప్పటికి ఆవిడ వయసు 14 ఏళ్లు. రూలు అంటే అందరికీ ఒకటే అని అంత చిన్న పిల్లకు తెలుసు. మన సంఘంలో వాయిదా కట్టని మనిషి మన బంధువైనప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. తమ కేసు తాము చెప్పుకోలేని, చదువు రాని ఆడవాళ్లను అక్కడ చూశారు. లా చదవాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. బయటికొచ్చి మెట్రిక్ నుంచి మొదలుపెట్టి, బి.ఎ. చదివి, 1942లో లా పూర్తి చేసి మద్రాసులో ప్లీడరు అయ్యారు. మధ్యలో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు ఆగిపోయిన ఆడపిల్లలను కూర్చోబెట్టి పరీక్షలకు తయారు చేయడం దాని మొదటి పనుల్లో ఒకటి.

1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు. ఆస్తిలో ఆడపిల్లకు హక్కు ఉండాలని గట్టిగా మాట్లాడారు. రాజ్యసభలో కూర్చోవాలంటే 35 ఏళ్లు నిండాలని చిత్తుప్రతిలో ఉంటే, 30 చాలని సవరణ తెచ్చారు. ఈ రోజుకీ మన రాజ్యాంగంలో 30 అనే ఉంది. చిన్నవాళ్లకు దారి ఇవ్వాలన్నది ఆవిడ మాట. మన సంఘాల్లో పాతికేళ్ల అమ్మాయిని లీడరుగా పెడదామంటే "దానికేం తెలుసు" అంటున్నామే, మనం ఆలోచించుకోవాలి.

ఆ తర్వాత తాత్కాలిక పార్లమెంటులోనూ ఉన్నారు. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. ఆవిడ ఓడిపోయారు. రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషికి సీటు పోయింది. అప్పటికి ఆవిడకు నలభై రెండేళ్లు. మనమైతే నలుగురిలోకి రావడానికే సిగ్గుపడేవాళ్లం.

ఆవిడ చేసిన పెద్ద పనులు చాలావరకు ఆ ఓటమి తర్వాతివే అక్కా! ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆడవాళ్లకోసం, పిల్లలకోసం ఊళ్లలో పని చేస్తున్న చిన్న చిన్న సంఘాలకు ప్రభుత్వ గ్రాంటు అందేలా చేసింది ఆ బోర్డు. 1958లో, బడి మానేసిన పెద్ద వయసు ఆడవాళ్లకోసం తక్కువ కాలంలో చదువు పూర్తి చేసే కోర్సులు మొదలయ్యాయి. మద్రాసులో తన సంఘంలో చేసిన పనే దేశమంతా పాకింది. అదే ఏడాది ఆడపిల్లల చదువు మీద వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షురాలయ్యారు. హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రి, కాలేజీ నిలబడ్డాయి. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న కన్నుమూశారు.

ఆవిడతో మనకు పోలికా అని మీరు అనొచ్చు. మనది పొదుపు సంఘమే. కానీ సంగతి ఒకటే. పదవి ఉన్నప్పుడు మన సంతకానికి విలువ. పదవి పోయాక మనం నేర్చుకున్నదానికి విలువ. బ్యాంకు మేనేజరుతో ఎలా మాట్లాడాలి, అప్పు ఎవరికి ముందు ఇవ్వాలి, తీర్మానం ఎలా రాయాలి, ఇవన్నీ మాకు ఈ పదవిలోనే వచ్చాయి. అవి మాతోపాటు ఇంటికి పోతే నష్టం సమాఖ్యదే.

అందుకే పాత పాలకవర్గం ఈ మహాసభ ముందు మూడు మాటలు ఇస్తోంది. ఒకటి, పుస్తకాలు, పాసుబుక్కులు, చెక్కుబుక్కులు అన్నీ లెక్క చూపించి, కొత్తవాళ్ల సంతకాలు తీసుకుని అప్పగిస్తాం. రెండు, మూడు నెలలపాటు నెలకు రెండు పూటలు వచ్చి కొత్తవాళ్ల పక్కన కూర్చుంటాం. కుర్చీలో కాదు, పక్కన. నిర్ణయం వాళ్లదే. మూడు, మాలో ఒక్కొక్కరం ఒక్కో ఊరికి వెళ్లి, చదువు రాని సభ్యులకు తమ పాసుబుక్కు తామే చూసుకోవడం నేర్పుతాం. తన అప్పు ఎంతో తనకే తెలియని ఆడమనిషి మన మండలంలో ఉండకూడదు.

కొత్త పాలకవర్గానికి ఒక్క మాట. మమ్మల్ని పిలవండి, అడగండి. కానీ మా మాట వినాలని భయపడకండి. తప్పనిపిస్తే మీటింగులోనే కాదనండి. నెహ్రూ గారినే గుమ్మం దగ్గర ఆపారు కదా, మేమెంత!