పశువుల కొట్టము – ఊరి బావి



నల్లమల పాదమున నున్న రుద్రవరమువంటి యూళ్లలో పాడియు పంటయు వేఱుకావు. గొఱ్ఱెల మందను చేనిలో నిలుపుమని కాపరికి ప్రతిఫల మిచ్చి పిలుచుకొను మనకు ఎరువు విలువ యొకరు నేర్పవలసినది కాదు. అయినను ఆ యెరువే చేనికి గాక త్రాగునీటికి చేరినచో విషమగును. ఆ సంగతియు, దానికై యేర్పడిన చట్టముల సంగతియు నేడు మనవి చేయదలచితిని.

పెద్దపశు వొకటి దినమునకు సుమారు 15 కిలోల పేడ వేయును. 20 పశువులున్న కొట్టమున అది 300 కిలోలు. పంచితము, కొట్టము కడిగిన నీరు దీనికి తోడు. ఇది కాలువ వెంట వంకలో కలియును; లేదా బావిచెంతనున్న దిబ్బనుండి వానకు కరగి నేలలోనికి దిగును. కుందేటి లోయలో నాపరాయి గల నేలలకు బీటలుండును. ఆ బీటలలో దిగిన మురుగు మట్టిలో వడియకయే ఊటను చేరగలదు.

అట్టి నీటివలన కీడులు రెండు. ఒకటి, విరేచనములు కలిగించు సూక్ష్మక్రిములు. నీరు కాచిన నవి చచ్చును. రెండవది నైట్రేటు. దీనికి రంగులేదు, వాసనలేదు. కాచినను పోదు, నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. మించిన నీటితో పాలు కలిపి పట్టినచో పసికందు రక్తము ప్రాణవాయువును మోయు శక్తి కోల్పోయి, పెదవులు నీలమగును, ప్రాణాపాయమును కలుగవచ్చును.

ఇక చట్టము. పదిమంది వాడుకొను నీటిని చెఱచుట 1860 నాటి శిక్షాస్మృతిలోనే నేరము. 2024 జూలైలో దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను నేరమే. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టపు 24వ సెక్షను, తెలిసియుండి ఏటినిగాని బావినిగాని కలుషితము చేయరాదనుచున్నది. 25వ సెక్షను, మురుగు వదలు సంస్థలు కాలుష్య నియంత్రణ మండలి యనుమతి పొందవలెననుచున్నది. డెయిరీలకు, గోశాలలకు కేంద్రమండలి 2020లో మార్గదర్శకములు వెలువరించి, 2021లో సవరించినది. వానిప్రకారము 15గాని అంతకు మించిగాని పశువులున్నచో అనుమతి కావలెను: స్థాపించుట కొకటి, నడుపుట కొకటి.

"మాకు నాలుగే యెనుములు, ఈ గొడవ మాకేల?" యని కొందఱనవచ్చును. అనుమతిపత్రము వారి కక్కఱలేదు, నిజమే. కాని 24వ సెక్షనులో పశువుల సంఖ్య లేదు. నూఱిండ్లలో మూడేసి పశువులున్నను మున్నూఱు. బావికి చేరు మురుగు ఏ యింటిదని బావి అడుగునా?

డెయిరీ పెట్టినవాడు తఱచుగా మన బంధువే, అప్పుచేసి పెట్టియుండును. వాని నోటికాడి కూడు తీయవలెనని నా యభిప్రాయము కాదు. కొట్టము కట్టినపిదప మార్చుమన్న వానికి నష్టము, మనకు మొగమాటము. కనుక కట్టకమునుపే, "కడిగిన నీరెచటికి పోవును?" అని పెద్దలడుగవలెను.

చేయవలసినది కష్టము కాదు. దిబ్బ బావికి దూరముగా, పల్లపువైపున నుండవలెను. అడుగున నాపరాళ్లు పఱచి సందులు సిమెంటుతో పూయవలెను. పైన వాన పడకుండ కప్పు వేయవలెను. కడుగునీటిని తొట్టిలో పట్టి గడ్డిమళ్లకు పాఱించవలెను. నాలుగైదు పశువుల పేడతో చిన్న గోబరు గ్యాసు పొయ్యి వెలుగును; మిగిలిన మడ్డి చేనికి మంచి యెరువు. పంచాయతీవారు వానలకు ముందొకమాఱు, పిమ్మట నొకమాఱు బావినీటిని పరీక్ష చేయించి, ఆ ఫలితమును చావడిలో అందఱకు చదివి వినిపింపవలెను. నైట్రేటు మించినదని తేలినచో, చంటిబిడ్డలున్న యిండ్లకు ముందుగా వేఱు నీరు చూపవలెను.