నాన్న కాలిలో కడ్డీ, మన ల్యాబులో గులాబీ నీళ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పది నిమిషాలే ఇచ్చారు కాబట్టి జ్ఞాపకాల మూటంతా విప్పను. ఒక్కటే చెబుతాను.

తొమ్మిదో తరగతిలో సైన్స్ సార్ ఉప్పునీళ్ల బీకరులో రెండు కార్బన్ కడ్డీలు ముంచి బ్యాటరీ కలిపారు. నాలుగు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తే, రుణధ్రువం చుట్టూ నీళ్లు గులాబీరంగుకు తిరిగాయి. "అక్కడ క్షారం పుడుతోందిరా" అన్నారు. పరీక్షలో వస్తుందని రాసుకున్నాం, అంతే.

తర్వాత ఆ బీకరే నాకు అన్నం పెట్టింది. నేల కింది ఉక్కు పైపులైన్లకు తుప్పు పట్టకుండా వాటిని రుణధ్రువంగా చేసి కరెంటు పంపడం నా ఉద్యోగం. కాథోడిక్ ప్రొటెక్షన్ అంటారు. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో కొలిస్తే పైపు మైనస్ 0.85 వోల్టుకు లేదా ఇంకా కిందికి రావాలి.

2003 మే నెల, మామిడి సీజను. కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు తడిగడ్డి మీద నాన్న స్కూటరు జారింది. తొడ ఎముక విరిగింది. ఒక ఆసుపత్రిలో స్టీలు కడ్డీ వేశారు. నాలుగు నెలలకు కుట్ల దగ్గర చీము. యాంటీబయాటిక్ ఆపితే మళ్లీ చీము. చివరికి కడ్డీ తీసేశారు. నాన్న ఆ తర్వాత కర్ర లేకుండా దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దాకా కూడా నడవలేదు.

మందెందుకు పనిచేయలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు. లోహానికి రక్తప్రసారం ఉండదు కదా. దాని మీద చేరిన స్టెఫిలోకాకస్ జిగురుపొర అల్లుకుంటుంది, చెరువు బండ మీద పాచిలాగా. అదే బయోఫిల్మ్. ఆ పొరలో ఉన్న బ్యాక్టీరియాకు మామూలు మోతాదు మందు చాలదు. మోకాలు, తుంటి కీళ్లు మార్పించుకున్న వాళ్లలో నూటికి ఒకరిద్దరికి ఈ బాధ వస్తుంది.

కరెంటుతో దీన్ని వదిలించవచ్చన్న ఆలోచన పాతదే. 1974లోనే స్పడారో, బెకర్ బృందం వెండి ఎలక్ట్రోడ్ల నుంచి అతి స్వల్ప కరెంటు పంపితే వెండి అయాన్లు బ్యాక్టీరియాను అణచివేస్తాయని చూపింది. 1992లో కాస్టర్టన్ బృందం, చిన్న కరెంటు తోడైతే బయోఫిల్మ్ మీద యాంటీబయాటిక్ బాగా పనిచేస్తుందని చూపింది. నన్ను కుర్చీలోంచి లేపింది మాత్రం అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయం వారి పని. ఎలుకల్లో అమర్చిన టైటానియం ఇంప్లాంటునే రుణధ్రువంగా చేసి, మైనస్ 1.8 వోల్టుల దగ్గర ఒక్క గంట ఉంచారు. మొండి స్టెఫిలోకాకస్ ఇంప్లాంటు మీద 98 శాతం, చుట్టూ ఉన్న ఎముకలో 87 శాతం తగ్గింది. లోహం ఉపరితలం దగ్గర ఆక్సిజన్, నీరు ఎలక్ట్రాన్లు తీసుకుంటాయి, క్షారం పుడుతుంది. అంటే మన గులాబీ నీళ్లే!

పైపులైను వాణ్ని కాబట్టి నాకు అనుమానాలూ ఉన్నాయి. వోల్టేజి మితిమీరితే పైపు పూత లేచిపోతుంది, హైడ్రోజన్ పుట్టి గట్టి ఉక్కును పెళుసు చేస్తుంది. టైటానియానికీ హైడ్రోజన్ పడదు. పైగా ఒంట్లో రెండో ఎలక్ట్రోడు ఎక్కడ పెట్టాలి? చర్మంలోంచి తీగ బయటికి తెస్తే అదే ఇన్‌ఫెక్షన్‌కు దారి. గంటసేపు చికిత్స చేయడం వేరు, ఏళ్ల తరబడి ముందుకాపు కాయడం వేరు. మొదటిదే ముందు వస్తుందని నా లెక్క. రోగులకు మామూలు వైద్యంగా ఇంకా రాలేదు, కాబట్టి ఇంటికెళ్లి మోకాలికి బ్యాటరీ పెట్టుకోకండి.

మన ఎల్బీనగర్‌కు కూతవేటు దూరంలో కంచన్‌బాగ్ ఉంది. అక్కడి మిధానిలో టైటానియం మిశ్రమలోహాలు తయారవుతాయి. ఆ పక్కనే డీఆర్డీఎల్‌లో క్షిపణి పదార్థంతో పోలియో పిల్లలకు తేలిక క్యాలిపర్లు చేయించారు కలాం గారు, నిమ్స్ డాక్టర్లతో కూర్చుని. మూడు కిలోల బరువు మూడు వందల గ్రాములైంది. డాక్టరూ ఇంజనీరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఇక్కడ కొత్త కాదు.

మన బ్యాచ్‌లో ఇద్దరు ఎముకల డాక్టర్లున్నారు, మూడో వరుసలో కనిపిస్తూనే ఉన్నారు. ఒరేయ్, భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. నాన్న కడ్డీ కారులోనే ఉంది.