దరఖాస్తులో తప్పు పడితే

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగం)

నేను మెట్రిక్‌తో చదువు ఆపినవాణ్ణి. కాలేజి మెట్లెక్కని నన్ను కాలేజి దరఖాస్తుల గురించి మాట్లాడమన్నారు. కాడుగోడిలో మనవాళ్లు పిల్లల ఫారాలు నా దగ్గరకు తెస్తుంటారు. రైల్వే గుమాస్తాకు ఫారాలంటే భయముండదని వారి నమ్మకం. అది నిజం కాదని చెప్పడానికే వచ్చాను.

మా అన్నగారి అమ్మాయి మా ఇంట్లో ఉండి చదువుకుంది. మూడో తరగతి వరకు మదనపల్లెలో, నాలుగు నుంచి రెండో పి.యు.సి. దాకా ఇక్కడే. సి.ఇ.టి. ద్వారా ఈ రాష్ట్రపు సీటు కావాలంటే, ఒకటో తరగతి మొదలు రెండో పి.యు.సి. లోపల కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి, పదో తరగతో రెండో పి.యు.సి.యో ఇక్కడ ప్యాసై ఉండాలి. మనలో ఎక్కువమందికి వర్తించే నిబంధన ఇదే. అమ్మాయికి తొమ్మిదేళ్లున్నాయి. కాని నాలుగు, అయిదు, ఆరు చదివిన బడి మూతబడింది, సర్టిఫికేటు చేతిలో లేదు. తరువాత చూద్దామని ఆ మూడు గడులు ఖాళీగా వదిలాను. గడువు తీరబోయే రాత్రి, డ్యూటీ దిగివచ్చి, నిద్రమత్తులో అలాగే పంపేశాను. తొమ్మిది కాస్తా ఆరయింది.

మర్నాడు అచ్చుకాగితం చూసి కనిపెట్టింది అమ్మాయే. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను మొదట చేసిన పని దాన్ని కేకలు వేయడం. "నీ ఫారం నువ్వు చూసుకోవద్దా?" అన్నాను. "నాదే తప్పు చిన్నాన్నా" అని లోపలికి పోయింది. రెండు పూటలు అన్నం ముట్టలేదు. రాత్రి మా ఆవిడ నెమ్మదిగా అడిగింది, "పంపింది ఎవరండీ?" అని. నా దగ్గర జవాబు లేదు.

కౌంటరులో టిక్కెట్టు తప్పుగా అచ్చయితే మేము దాన్ని చింపి పారేయం. నాన్ ఇష్యూ కింద లెక్కలో చూపుతాం. దాచినవాడికే సాయంత్రం క్యాషు తక్కువ పడుతుంది. పదేళ్లుగా చేస్తున్న ఈ పని ఇంట్లో గుర్తుకు రాలేదు చూడండి! మర్నాడు ఉదయం అమ్మాయి ఎదుట కూర్చుని, తప్పు నాదని ఒప్పుకున్నాను. అప్పుడు గాని అది కంచం ముందుకు రాలేదు. తరువాత ఇద్దరం ఒక తెల్లకాగితం మీద ఏ గడిలో ఏమున్నది, ఏముండాలి, దానికి ఏ కాగితం కావాలి అని రాసుకున్నాం. పాత బడి రికార్డులు బ్లాకు విద్యాధికారి కార్యాలయంలో దొరికాయి. మూడుసార్లు తిరిగితే సంతకమయింది. దిద్దుకోవడానికి మళ్లీ అవకాశమిచ్చిన రోజున ఆ మూడేళ్లూ చేర్చాం.

తెలుగువాళ్లం మరీ జాగ్రత్తపడవలసినది పేరు దగ్గర. మన ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి బడిలో దాన్ని ఒక్క అక్షరం చేసి పేరు చివర తగిలిస్తారు. ఆధారులో నిండుగా ఉంటుంది. తాతగారిమీది అభిమానంతో ఇంకొకటి కలిపేవాళ్లూ ఉన్నారు. ఫారంలో మాత్రం పదో తరగతి మార్కుల కార్డులో ఉన్నట్లే, చుక్కతో సహా రాయండి. జె.ఇ.ఇ. మెయిన్‌ వంటి పరీక్షలకు దిద్దుబాటు గడువు ఇస్తారు గాని, అన్ని గడులూ తెరవరు. ఫోను నంబరు సాధారణంగా మార్చనివ్వరు. కనుక మీ సొంత నంబరే ఇవ్వండి, నెట్టు సెంటరువాడిది కాదు.

గడువు దాటితే? 2024లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా కూలివాని కుమారుడికి ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో సీటు వచ్చింది. రు. 17,500 కూడబెట్టేసరికి జూన్ 24 సాయంత్రం 5 గంటల గడువు నిమిషాలలో దాటిపోయింది. అతడు కోర్టుల చుట్టూ తిరిగాడు. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు అతణ్ణి చేర్చుకోమని ఆజ్ఞాపించింది. అందరికీ ఢిల్లీ దాకా పోయే ఓపిక ఉండదు. అందుకే డబ్బు నాలుగు రోజుల ముందే ఖాతాలో వేయమంటాను.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలలో తప్పులు దొర్లాయి. ఒక అమ్మాయికి తెలుగులో 99కి బదులు సున్నా పడింది. తిరిగి చూస్తే, తప్పారన్న పిల్లలలో వెయ్యిమందికి పైగా ప్యాసయ్యారు. ఆ లోపలే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్త చదివిన నాడు నేనింకా ఎవరి ఫారమూ ముట్టినవాణ్ణి కాను. మా అమ్మాయి తలుపు వేసుకున్న రాత్రి మాత్రం అదే గుర్తుకువచ్చి, రెండుసార్లు లేచి వెళ్లి తలుపు తట్టాను.

పిల్లలారా, ఇంట్లో చెప్పలేని బరువనిపిస్తే 14416 అని ఒక నంబరుంది, టెలిమానస్ అంటారు. 2022 అక్టోబరులో మొదలుపెట్టారు. మన నిమ్హాన్సే దానికి పెద్దదిక్కు. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పెద్దవాళ్లు చేసినా తప్పులేదు.

సి.ఇ.టి. ఫలితాల తరువాత కాలేజీల వరుస పెట్టుకునే పని ఉంటుంది. అప్పుడు ముందు నమూనా కేటాయింపు ఒకటి చూపిస్తారు. అది చూసుకుని వరుస మార్చుకోవచ్చు. ఆ రోజుల్లో ప్రతి ఆదివారం ఉదయం నేను ఈ హాలులోనే ఉంటాను. మార్కుల కార్డు అసలు ప్రతి తీసుకురండి, జిరాక్సు కాదు. పిల్లను కూడా తీసుకురండి. పంపేటప్పుడు ఫోను దాని చేతిలోనే ఉంటుంది, నేను పక్కన కూర్చుంటాను. నాకు ఆదివారం డ్యూటీ పడితే మాత్రం సాయంత్రం రండి.