గ్రంథాలయానికి మన యింటి ప్రశ్న
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



విద్యార్థులు పరిశోధన వ్యాసములు వ్రాయుటకు వైద్య చరిత్ర గ్రంథాలయమును ఎట్లు వాడుకొనవలెనో చెప్పుమని మమ్మును కోరినారు. మేము పెద్ద పండితులము కాము. పులికాట్ సరస్సు ఒడ్డున పిల్లలకు పాఠములు చెప్పుకొనే ఉపాధ్యాయులము. కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని, రాత్రి రైలెక్కి హైదరాబాదు వెళ్లి, అట్టి గ్రంథాలయములో కొన్ని దినములు కూర్చుండి వచ్చినాము. అక్కడ నేర్చుకొన్నదే మీ ముందు ఉంచుచున్నాము.

హైదరాబాదులో గడ్డిఅన్నారమందు జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ ఉన్నది. 1956లో వైద్య చరిత్ర శాఖగా మొదలైన ఈ పని డాక్టర్ డి. వి. సుబ్బారెడ్డి గారి పట్టుదలతో ఉస్మానియా వైద్య కళాశాలలో వేళ్లూనినది. 2009లో దీనికి ఇప్పటి పేరు వచ్చినది. పాత వైద్య గ్రంథములు, వ్రాతప్రతులు, పత్రికల సంపుటములు అక్కడ ఉన్నవి. సంస్కృత శ్లోకములు, తెలుగు పద్యములు కలిసిన మన బసవరాజీయము వంటి గ్రంథముల చరిత్ర తెలిసికొనగోరిన వారికి అది పుట్టినిల్లు వంటిది.

అయితే అంతటి గ్రంథాలయములో అడుగుపెట్టిన విద్యార్థికి మొదట కలిగేది సంతోషము కాదు, బెదురు. ఏ బీరువా తెరువవలెనో తెలియదు. మాతో వచ్చిన పిల్లలలో ఎక్కువమంది “భారతీయ వైద్య చరిత్ర” అని విషయము వ్రాసుకొని వచ్చినారు. అది సముద్రమును చెంబుతో తోడుటకు పూనుకొనుటే. ఒక్క అమ్మాయి మాత్రము తన నోటుపుస్తకములో ఒకే వాక్యము వ్రాసుకొన్నది: “మా అవ్వ వాళ్ల అక్క చనిపోయేవరకు వేరే తట్టలో ఎందుకు తిన్నది?”

ఆ పెద్దామెకు పడుచుతనములో క్షయ వచ్చినది. సంఘ కాపరి ఇచ్చిన ఉత్తరము పట్టుకొని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము వెళ్లినది. పలు మిషనులు కలిసి స్థాపించిన ఆ శానిటోరియము 1915లో ఆ స్థలమున ప్రారంభమైనది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానిని ఎన్నో యేండ్లు నడిపినారు. ఆమె 1960 దాటిన తరువాత నయమై తిరిగి వచ్చినది. కాని ఇంటివారు ఆమెకు వెనుక వసారాలో చాప, ఒక సత్తు తట్ట, ఒక లోటా వేరుగా పెట్టినారు. చర్చిలో ఆమె కూర్చున్న బెంచీమీద పక్కన ఎవరూ కూర్చుండేవారు కారు. మేమును కూర్చుండలేదు.

ఈ ప్రశ్న పట్టుకొని అమ్మాయి ఎట్లు పని చేసినదో వినుడి. పద్ధతి అంతా అందులోనే ఉన్నది.

మొదటిది పేర్ల సంగతి. సూచికలో ‘టి.బి.’ అని వెదకితే కొన్నియే దొరికినవి. ఒకే రోగమునకు కాలమునుబట్టి పేర్లు మారునని గ్రంథాలయాధికారి చెప్పినారు. ఆయుర్వేదములో రాజయక్ష్మ, తెలుగులో క్షయ, పాత ఇంగ్లీషు పుస్తకములలో థైసిస్, కన్సంప్షన్, తరువాత ట్యూబర్‌క్యులోసిస్. పేరు మార్చి వెదకేసరికి బల్ల నిండినది. అయితే పాత పేరు ఉన్నచోటనెల్లా నేటి రోగమే ఉన్నదని అనుకొనరాదు. క్రిమిని రాబర్ట్ కాక్ కనుగొన్నది 1882లో. అంతకు ముందటి వైద్యులు లక్షణములను చూచి పేరు పెట్టినారు.

రెండవది సంవత్సరము. ప్రతి కాగితముపై గ్రంథకర్త పేరు, అచ్చైన సంవత్సరము, పుట సంఖ్య వ్రాసుకొనుమని మేము పట్టుబట్టినాము. అప్పుడు సంగతి తేటపడినది. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము అనునవే ఒకప్పుడు ముఖ్య చికిత్స. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడిన తరువాత వ్రాసిన పుస్తకముల స్వరమే వేరు.

మూడవది, ఒకరు చెప్పిన సారాంశముతో ఆగక మూలమును చదువుట. ఒక పుస్తకములో మద్రాసు పరిశోధన అని రెండు వాక్యములు కనబడినవి. అమ్మాయి అక్కడితో సరిపెట్టుకొనక, ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 1959లో అచ్చైన అసలు వ్యాసమును పట్టుకొన్నది. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు పేద రోగులను చీటీలు వేసినట్లు రెండు గుంపులు చేసినారు. ఒక గుంపునకు శానిటోరియములోను, మరొక గుంపునకు వారి ఇరుకు ఇండ్లలోను, ఒక సంవత్సరముపాటు అవే మందులు ఇచ్చినారు. ఇంట ఉన్నవారును దాదాపు అంత బాగుగా కోలుకొన్నారు. ఇంటి రోగులతో కలిసి ఉన్న కుటుంబములవారికి, శానిటోరియమునకు వెళ్లిన వారి కుటుంబములకన్న ఎక్కువగా రోగము అంటలేదని కూడ తేలినది.

ఈ మాట పట్టుకొని క్షయ అంటదని ఎవరును చెప్పరాదు. మందు పడని రోగి దగ్గు ద్వారా అది గాలిలో వ్యాపించును. మందులు క్రమముగా వాడవలెను, నడుమ మానరాదు. కాని మన పెద్దామె మందు వాడి నయమై వచ్చిన మనిషి. తట్టవలన అంటే రోగమే కాదది. మద్రాసు మనకు రెండు మూడు గంటల ప్రయాణము. ఆ కబురు మన వసారాకు చేరుటకు ఒక జీవితకాలము చాలలేదు.

అమ్మాయి తన వ్యాసమును మొదట ఇంట్లో చదివి వినిపించినది. అవ్వ చాలసేపు మాటాడలేదు. తరువాత, “మాకప్పుడు ఎవురు చెప్పినారమ్మా?” అన్నది. లేచి అటకమీదనుండి ఆ సత్తు తట్టను దింపించి, తోమి, తక్కిన తట్టలలో కలిపి బోర్లించినది. మేము ఆ ఇంటికి వెళ్లినప్పుడు దానిలోనే మాకు అన్నము పెట్టినది. తిన్నాము. ఎప్పుడో తినవలసిన అన్నము.

కాబట్టి ప్రియ యువజనులారా, వెళ్లునప్పుడు కళాశాలనుండి ఉత్తరము తీసికొని పొండి. మీ విషయమును ముందుగా వ్రాసి తెలుపుడి. పాత పుస్తకముల దగ్గర సిరాకలము కాక పెన్సిలు వాడుడి. వ్రేలు తడిచేసి పుటలు త్రిప్పకుడి. గ్రంథాలయాధికారిని అడుగుటకు సిగ్గుపడకుడి. వ్రాతప్రతుల వివరములు నేడు అంతర్జాలములోను దొరకును, బయలుదేరకముందే చూచుకొనుడి. దగ్గరలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రములు ఉన్నవి. ఇంటి కథ వ్రాయునప్పుడు ఇంటివారి అనుమతి అడుగుడి. ఆ అమ్మాయి వ్యాసములో పెద్దామె పేరు లేదు. ఆమె ఎవరో తెలియవలసినవారికి తెలిసినది, అది చాలును.

గ్రంథాలయమునకు ఒక ప్రశ్నతో వెళ్లుడి. అది మీ ఇంటి ప్రశ్న కావలెను. దొరికిన జవాబును మార్కులకొరకు కళాశాలలోనే వదలివేయక, తిరిగి ఆ ఇంటికే తెండి. సెలవు.