పాటయు, బంతియాటయు



రేడియోలో కూర్చుండి టెలివిజనును మెచ్చుకొనుట, అక్క యింట భోజనము చేయుచు చెల్లెలి వంటను పొగడుట వంటిది. అక్క మన్నించునని నమ్మి మొదలిడుచున్నాను.

మా గ్రామమున నా యీడువారొకరు మొన్న నన్ను నిలదీసిరి. "ఏమండీ పంతులుగారూ! భారతమో భాగవతమో చదువుకొనవలసిన వయస్సున పగలెల్ల ఆ పెట్టె ముందు కూర్చుంటిరట! అందులోను బంతియాట చూచితిరట!" చూచిన మాట నిజమే. ఆ దినమును గూర్చియే మనవి చేయుదును.

అది పుష్య బహుళ పంచమి. శ్రీ త్యాగరాజస్వామి 1847వ సంవత్సరము జనవరి 6వ తేదీని తిరువయ్యారున సిద్ధి పొందిన తిథి. తంజావూరికి చేరువను, కావేరి యొడ్డున నున్న ఆ యూర ఏటేట ఆ తిథినాడు విద్వాంసులు వందలకొలది నేలపై బారులు తీరి కూర్చుండి పంచరత్న కృతులను ఏకకంఠముగ పాడుదురు. దూరదర్శన్ వారు దానిని జరుగుచుండగనే మన యింటికి తెచ్చి చూపుదురు. "జరుగుచుండగనే" యన్న మాటను గమనింపుడు. పూర్వము పట్టియుంచిన పాటలో తప్పులన్నియు దిద్దబడి యుండును. ఇచట నట్లు కాదు. ఒక వరుసవారు తాళమున రవంత ముందునకు సాగుదురు, మృదంగము వారిని మెల్లగ వెనుకకు దెచ్చును. ఒక వృద్ధునకు దగ్గు వచ్చును. పాట సరిగా ఒడ్డు చేరునో లేదో యని మనకును లోలోపల గుబులుగ నుండును. ఆ గుబులే మనలను గూడ ఆ బారులలో నొకచో కూర్చుండబెట్టును.

మొదట వేణువుపై భైరవిలో నొక కీర్తన. పిదప నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలో నైదు కృతులు. వీనిలో మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. వరాళిని గురువు శిష్యున కెదుట కూర్చుండి నేర్పరాదని సంగీతజ్ఞులలో నొక నమ్మకము కలదు, వినియే పట్టుకొనవలెనట. ఆ లెక్కన ఈ పెట్టె మంచి గురువే! ఆ బారులలో స్త్రీలు పెక్కుమంది కనబడుదురు. ఒకనాడు వారి కచట పాడు హక్కు లేదు. ఆ హక్కునకై పోరాడినదియు, తన సొమ్ము వెచ్చించి స్వామి సమాధికి మందిరము కట్టించినదియు బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1952లో ఆమె గతించినది. ఆమె స్మారకమును ఆ చెంతనే కలదు.

అచట పాడువారిలో పెక్కుమంది యింటి భాష తమిళము. అయినను తెలుగు కృతులను తమ తాతల సొత్తువలె కంఠస్థము చేసికొని పాడుచున్నారు. అట్టి సమయమున, పదవ తరగతి చదువుచున్న మా మనుమడు నా ప్రక్కన కూర్చుండి, "తాతయ్యా, ఇది ఏ భాష?" అని యడిగెను. కోపము రాలేదనిన అసత్యమగును. కాని అడిగినవానికి చెప్పుట నా వృత్తి. కాగితము తీసికొని గౌళ కృతిని పదవిభాగము చేసి వ్రాసి, అందు స్వామి తన తప్పులను తానే ఏకరువు పెట్టుకొనిన వైనమును వివరించితిని. "అంత గొప్పవారు కూడనా?" యని వాడు మరల మరల అడిగెను. శ్రీరాగము ముగియువరకు వాని చేతిలోని ఫోను మోగలేదు. మోగినను వాడు వినలేదేమో.

మధ్యాహ్నము పులిహోర, పిదప నొక కునుకు.

సాయంకాలము మన దేశపు జట్లు రెండింటికి బంతియాట. ఇరుగుపొరుగు పిల్లలు నలుగురు చేరిరి. పెట్టె ముందు ఊరంతయు చేరిన దినములును ఉండెడివి. 1975 ఆగష్టు మొదలు 1976 జూలై వరకు, అమెరికా వారి ఉపగ్రహము నాధారముగ చేసికొని, మన రాష్ట్రమును కలుపుకొని ఆరు రాష్ట్రములలో 2400 గ్రామములకు టెలివిజను చూపిరి. ఊరికొక్కటే పెట్టె. నేడు ఇంటికి నాలుగు తెరలు, ఒక్కొక్క తెరకు ఒక్కడే ప్రేక్షకుడు. ఇది నాకు నచ్చదు.

ఈ మారు గురుత్వము మనుమనిది. "ఆఫ్‌సైడు" అను నియమమును వాడు నాకు బోధించెను. ప్రత్యర్థుల భాగములో నున్న ఆటగాడు, తనవాడు బంతి నందించు క్షణమున, బంతికంటెను, ప్రత్యర్థులలో చివరినుండి రెండవవానికంటెను గోలుగీతకు దగ్గరగ నుండి ఆటలో కలుగజేసికొనెనా, అది దోషము. పంక్తిలో పెద్దలు కూర్చుండకమున్నే విస్తరి ముందు చేరి వడ్డనకై చేయి చాచిన వాడన్నమాట! ఈ యుపమానము విని పిల్లలు విరుగబడి నవ్విరి.

అప్పుడు నేను వారి నడిగితిని: "సయ్యద్ అబ్దుల్ రహీము ఎవరో యెరుగుదురా?" ఒక్కరును ఎరుగరు. అర్జెంటీనా ఆటగాండ్ర పేర్లన్నియు వారి నాలుకపై నున్నవి. రహీము హైదరాబాదువాడు, వృత్తిచేత నావలెనే బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగ ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో భారత జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. 1962లో జకార్తా ఆసియా క్రీడల తుదిపోరున దక్షిణ కొరియాను 2-1గా ఓడించి స్వర్ణము తెచ్చెను. అప్పటికే ఆయన క్యాన్సరుతో బాధపడుచుండెను. మరుసటి యేడు జూన్ 11వ తేదీని కన్నుమూసెను. ఆ జట్టులో సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాముడును కలడు. అతడు 2023 వరకు జీవించెను. వారి యాటను ఆనాడు మన పల్లెలలో చూచినవా రెవరు? పత్రికలో నాలుగు పంక్తులు చదివినవారే అదృష్టవంతులు.

2022 మార్చి 20వ తేదీని గోవాలో హైదరాబాదు జట్టు కేరళ జట్టును ఓడించి దేశపు లీగును గెలిచినప్పుడు, ఆట 1-1గ ముగిసి పెనాల్టీలకు దిగగా, గోల్‌కీపరు కట్టిమణి మూడు తన్నుల నాపెను. తరువాత 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయినది. రహీము నగరమున కది చిన్న నష్టము కాదు. అయినను మా పెద్దల రచ్చబండ మీద ఆ మాట యెత్తినవారు లేరు.

ఇక ఆ సాయంకాలపు ఆట. తొంబది నిమిషములు గడచెను, ఒక్క గోలును పడలేదు. పిల్లలు చిన్నబోయిరి. నాకు మాత్రము, గోల్‌కీపరు పక్కకు దూకి వ్రేలికొనలతో బంతిని కమ్మి మీదుగ త్రోసివేసిన ఆ యొక్క క్షణము ఇంకను కన్నుల కట్టినట్లున్నది. ఇంతలో లోపలినుండి భోజనమునకు పిలుపు వచ్చెను. మనుమడు రహీము పేరును ఉదయపు కాగితము వెనుకవైపున వ్రాసికొనుచుండెను.

సెలవు.