ఉద్యోగం వదిలి అనాథ పిల్లల దగ్గరికి పోదామనుకుంటున్నవా? ముందు ఈ కథ విను

గోదావరిఖని నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ మా దగ్గరి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న మీద. ఆయనకు సింగరేణిలో పర్మనెంట్ ఉద్యోగం. క్వార్టర్ ఉంది, నెల తిరిగేసరికి జీతం పడుతది, దసరాకు లాభాల వాటా వస్తది. "అన్నా, ఇదంతా వదిలేసి నేపాల్‌కో ఆఫ్రికాకో పోయి అనాథ పిల్లల్ని చూసుకోవాలని ఉంది. పిచ్చోణ్ణంటవా?" అన్నడు.

మన కోల్‌బెల్ట్‌లో ఈ మాట బయటికి అంటే ఏమైతదో మీకు తెలుసు. సింగరేణి ఉద్యోగం ఒక్క మనిషిది కాదు, అది ఇంటి ఆస్తి. 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి తాత దిగిన గనిలోకి నాన్న, నాన్న తర్వాత కొడుకు. డిపెండెంట్ ఉద్యోగం ఎవరికి రావాలన్న దగ్గర అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లు ప్రతి కాలనీలో కనిపిస్తాయి. అలాంటి ఉద్యోగాన్ని వదులుతానంటే తల్లి ఏడుస్తది, మామ ఇంటికొచ్చి కూర్చుంటడు. అందుకే ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. "నీ మనసు చెప్పినట్టు చెయ్యి" అని ఒక్క ముక్కలో తేల్చేది కాదు ఇది.

తమ్ముడికి ఈ ఆలోచన ఒక రీల్ చూసి వచ్చింది. స్కాట్ నీసన్ కథ. మీలో చాలామంది చూసే ఉంటారు. హాలీవుడ్‌లో ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ ఇంటర్నేషనల్‌కు ప్రెసిడెంట్‌గా చేసినాయన. 2003లో సెలవు మీద కంబోడియా వెళ్లి, నాంపెన్‌లో స్టంగ్ మీన్‌చే అనే పెద్ద చెత్త డంపులో ప్లాస్టిక్ ఏరుకుంటున్న పిల్లల్ని చూశాడు. ఇల్లు, కారు, పడవ అమ్మేసి, 2004లో కంబోడియన్ చిల్డ్రన్స్ ఫండ్ పెట్టాడు. ఇది నిజమే. కానీ రీల్‌లో చెప్పనిది ఒకటుంది. ఆయన ఆ రోజే రాజీనామా చెయ్యలేదు. దాదాపు ఏడాది పాటు ఉద్యోగం చేస్తూనే నెలనెలా కంబోడియాకు పోయి వచ్చాడు. ఇది నాలుగు రోజుల ఆవేశమా, నిజంగా చెయ్యగలనా అని తనను తాను పరీక్షించుకున్నాడు. ముప్పై సెకన్ల వీడియోలో ఆ ఏడాది కనిపించదు.

ఇప్పుడు అసలు కథకొద్దాం. కాఠ్‌మాండూకు దక్షిణాన, ఫుల్‌చోకి కొండ కింద ఒక ఊరుంది. ఆ ఊరి పేరు గోదావరి. అవును, మన గోదావరి పేరే. 2004లో ఆ ఊళ్లోని 'లిటిల్ ప్రిన్సెస్' అనే పిల్లల హోమ్‌కు కానర్ గ్రెనన్ అనే అమెరికా కుర్రాడు వచ్చాడు. అంతకుముందు ప్రాగ్‌లో, బ్రస్సెల్స్‌లో ఈస్ట్‌వెస్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థలో ఎనిమిదేళ్లు పనిచేశాడు. మంచి ఉద్యోగం. అది వదిలి, దాచుకున్న డబ్బుతో ఏడాది ప్రపంచం చుట్టాలని బయల్దేరాడు. మొదటి మూడు నెలలు అనాథ పిల్లల దగ్గర ఉంటానని చెప్తే నలుగురిలో బాగుంటుందని, తన టూర్‌ను ఎవరూ తప్పుపట్టరని అలా ప్లాన్ చేసుకున్నానని ఆయనే తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ హోమ్‌లో 18 మంది పిల్లలు. అందరూ అనాథలే అనుకున్నాడు. మాటలు రాకపోయినా ఆడుకున్నాడు, అన్నం పెట్టాడు, చదివించాడు, దగ్గరయ్యాడు. ఒకరోజు ఒక ఆడమనిషి ఆ హోమ్ గుమ్మంలోకి వచ్చింది. అక్కడున్న ఇద్దరు పిల్లల తల్లి ఆమె.

అక్కడి నుంచి లెక్కంతా మారిపోయింది. ఆ పిల్లలు నేపాల్ వాయవ్య మూలన ఉన్న హుమ్లా జిల్లా వాళ్లు. రోడ్డు లేని కొండ ప్రాంతం. 1996 నుంచి 2006 దాకా నేపాల్‌లో మావోయిస్టులకు, ప్రభుత్వానికి మధ్య యుద్ధం నడిచింది. పిల్లల్ని దళంలోకి తీసుకుపోతారని తల్లిదండ్రులకు భయం. ఆ సమయంలో ఒక దళారి ఊళ్లోకొచ్చాడు. "మీ పిల్లల్ని కాఠ్‌మాండూ తీసుకుపోతా, ఇంగ్లిష్ బడిలో చదివిస్తా, కడుపునిండా తిండి పెట్టిస్తా" అన్నాడు. వాళ్లు ఉన్నదంతా ఊడ్చి డబ్బు కట్టారు. వాడు పిల్లల్ని తెచ్చి నగరంలో వదిలేశాడు. కొందరిని అనాథలని చూపించి విదేశీయుల దగ్గర డబ్బు రాబట్టారు. ఒక పిల్లాడి దగ్గర తల్లిదండ్రులు చనిపోయినట్టు మరణ ధ్రువపత్రాలు కూడా ఉన్నాయి. తర్వాత కానర్ హుమ్లా వెళ్తే ఆ పిల్లాడి తండ్రే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ తల్లిదండ్రులు పిల్లల్ని అమ్ముకోలేదు. బతికించుకోవడానికి పంపారు. మన దగ్గర కూడా "పట్నంలో మంచి బడి, ఫ్రీ హాస్టల్" అంటే నమ్మి పంపే తల్లులు లేరా?

కానర్ మొదటిసారి నేపాల్‌లో ఉన్నప్పుడే ఏడుగురు పిల్లలు ఒక గుడిసెలో ఆకలితో ఉన్నట్టు తెలిసింది. వాళ్లను మంచి హోమ్‌కు చేర్చే ఏర్పాటు చేసి ఆయన దేశం దాటాడు. ఈలోగా దళారి ఏడుగురినీ మాయం చేశాడు. ఆ వార్త విన్నాకే ఆయన నిజంగా జీవితం మార్చుకున్నాడు. నెక్స్ట్ జనరేషన్ నేపాల్ అనే సంస్థ మొదలుపెట్టి 2006లో తిరిగి వెళ్లాడు. ఆ ఏడుగురినీ వెతికి పట్టుకున్నాడు. పిల్లల ఫొటోలు పట్టుకుని మోకాలి నొప్పితో హుమ్లా కొండల్లో రోజుల తరబడి నడిచి, ఒక్కో ఊరికి పోయి అమ్మానాన్నల్ని వెతికాడు. గమనించారా, పిల్లల కోసం ఆయన చేసిన పెద్ద పని అనాథాశ్రమం కట్టడం కాదు. వాళ్లు అనాథలు కాదని నిరూపించడం.

ఇది నేపాల్‌లోనే జరిగిందనుకోకండి. కంబోడియాలో ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసి 2011లో ఒక అధ్యయనం విడుదల చేశాయి. అక్కడి అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో 77 శాతం మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. 2005 నుంచి 2010 మధ్య ఆ ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. అనాథలు పెరిగి కాదు. చూడ్డానికి వచ్చే టూరిస్టులు, ఇచ్చే చేతులు పెరిగి. మనం కార్చే కన్నీళ్లకు అక్కడ ఒక మార్కెట్ తయారైంది. 2019 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ కూడా అనాథాశ్రమాల్లో వాలంటీర్ టూరిజం పిల్లలకు హాని చేస్తుందని ఒక తీర్మానంలో చెప్పింది.

హాని ఎట్లా అంటారా? మూడేళ్ల పిల్ల ఉందనుకోండి. ఈ నెల ఒక అక్క వచ్చి ఎత్తుకుంటది, జడ వేస్తది, ముద్దు చేస్తది. వచ్చే నెల వెళ్లిపోతది. ఇంకో అన్న వస్తడు, ఆయనా వెళ్లిపోతడు. ఆ పిల్లకు ప్రేమంటే వెళ్లిపోయేదని అలవాటైతది. మనకేమో ఫోన్ నిండా ఫొటోలు.

మరి పరదేశం పోయి పిల్లల కోసం బతకడం తప్పా? కాదు. మన తెలుగు నేల మీదే దానికి మంచి ఉదాహరణ ఉంది. అన్నే ఫెర్రర్. పుట్టింది ఇంగ్లండ్‌లో, అప్పటి పేరు ఆన్ పెర్రీ. బొంబాయిలో జర్నలిస్టుగా ఉండేది. 1968లో విన్సెంట్ ఫెర్రర్‌ను దేశం విడిచి పొమ్మన్నప్పుడు ఆ వార్త కోసం వెళ్లి, ఆ పనిలోనే కలిసిపోయింది. 1969లో ఇద్దరూ అనంతపురం వచ్చారు, ఆ మరుసటి ఏడాది పెళ్లి చేసుకున్నారు. వాళ్ల ఆర్డీటీ సంస్థ గురించి సీమ జిల్లాల్లో ఎవరినడిగినా చెప్తారు. స్పెయిన్‌లో ఉన్న దాతలు ఇక్కడి పిల్లలకు స్పాన్సర్‌గా ఉంటారు. కానీ ఆ పిల్లలు ఆశ్రమంలో కాదు, సొంత ఊళ్లో, సొంత తల్లి దగ్గర పెరుగుతారు. డబ్బు ఆ ఊరి బడికి, ఇంటికి, నీటికి, బత్తలపల్లి ఆస్పత్రి లాంటి వాటికి పోతది. 2009లో విన్సెంట్ ఫెర్రర్ చనిపోయారు. ఆమె అనంతపురం వదిలి పోలేదు. తెలుగు నేర్చుకుని ఈ మనుషుల్లో కలిసిపోయింది.

ఈ రెండు కథల్లో నాకు కనిపించిన తేడా ఒక్కటే: సమయం. మూడు నెలలకు పోయినవాళ్లకు పిల్లలు కనిపిస్తరు. ఏళ్లు ఉన్నవాళ్లకే వాళ్ల అమ్మానాన్నలు కనిపిస్తరు.

అందుకే ఏ సంస్థకైనా పోయే ముందు, పైసలు పంపే ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ పిల్లలకు బంధువులు ఎవరైనా ఉన్నారా, వెతికారా? రెండు, తిరిగి ఇంటికి చేరిన పిల్లలు ఎంతమంది? మూడు, నా గురించి పోలీసు వెరిఫికేషన్ అడుగుతారా? అడగకుండా పిల్లల మధ్యలోకి పంపితే, ఎవర్నైనా అట్లే పంపుతున్నారని అర్థం. నాలుగు, రిజిస్ట్రేషన్ ఉందా? మన దేశంలో 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల హోమ్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకపోతే ఏడాది దాకా జైలు, లేదా కనీసం లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఇంకోటి. పుట్టినరోజుకు అనాథాశ్రమంలో కేక్ కట్ చేసి రీల్ పెట్టే అలవాటు మన దగ్గర మస్తుగా ఉంది. అన్నం పెట్టండి, సంతోషం. పిల్లల మొహాలు మాత్రం పెట్టకండి. అలాంటి పిల్లల్ని గుర్తుపట్టేలా మీడియాలో చూపించడం అదే చట్టం 74వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, రేపు ఆ పోరడు కాలేజీలో చేరినంక ఆ వీడియో ఎవడో తీసి చూపిస్తే ఎట్లుంటదో ఆలోచించండి.

ఇక మన ఊరి సంగతి. పర్మనెంట్ కార్మికుడు చనిపోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తది, లేదంటే నెలనెలా ఎంతో కొంత వస్తది. అదే బావిలో, అదే ఓపెన్‌కాస్ట్‌లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు పోతే ఆ ఇంటికి డిపెండెంట్ ఉద్యోగం లేదు. ఆ తల్లి పిల్లల్ని ఏదో ఒక హాస్టల్‌లో వేసి పనికి పోతది. హుమ్లాలో మొదలైంది కూడా సరిగ్గా ఇక్కడే. ఆ తల్లికి కావాల్సింది ఆశ్రమం కాదు, పిల్లల్ని ఇంట్లోనే ఉంచుకునే దారి. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది. అర్హత ఉన్న ఒక్కో పిల్లకు నెలకు 4,000 రూపాయలు. తండ్రి లేని పిల్లలు కూడా దీని కిందికి వస్తారు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి, మనకైతే పెద్దపల్లిలో. ఆదాయ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఈ కాగితాల దగ్గరే చాలామంది తల్లులు ఆగిపోతారు. ఒంటరిగా తిరుగుతున్న పిల్లలు కనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యండి. మీ ఇంటికి తీసుకుపోయి పెట్టుకోకండి, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి.

తమ్ముడూ, నీకు నా జవాబు ఇది. నువ్వు పిచ్చోడివి కాదు. కానీ రాజీనామా కాగితం ఇప్పుడే రాయకు. స్కాట్ నీసన్ లాగా ఒక ఏడాది పెట్టుకో. వీక్లీ ఆఫ్ రోజు మన కాలనీల చుట్టుపక్కల అలాంటి తల్లులు ఇద్దర్ని వెతుకు. వాళ్ల కాగితాలు పట్టుకుని పెద్దపల్లి ఆఫీసుకు తిరుగు. ఆ క్యూలో నిలబడి నిలబడి విసుగొచ్చినా మళ్లీ పోబుద్ధి అయితే, అప్పుడు నేపాల్ గురించి మాట్లాడుకుందాం. అమ్మకు నేనే వచ్చి చెప్తా.

మీ దగ్గర స్పాన్సర్‌షిప్ కోసం అప్లై చేసిన వాళ్లుంటే ఏ కాగితం దగ్గర ఆగిందో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ దరఖాస్తు ఎట్లా నింపాలో ఒక్కో లైను చూపిస్తా. ఉంటా మరి.